పొట్టేలు పిల్ల బరువు ఎక్కడ పోతోంది? రాయలసీమ మెట్ట బీళ్లలో జీవాల మేపు

రాయలసీమ మెట్ట పల్లెల్లో మార్చి, ఏప్రిల్ నెలలు వచ్చేసరికి మారుబేరగాళ్లు మందల దగ్గరికే వచ్చి మూడు నాలుగు నెలల పొట్టేలు పిల్లలను ఏరి కొనుక్కుపోతుంటారు. అప్పటికి ఒక్కో పిల్ల బరువు పన్నెండు, పద్నాలుగు కిలోలకు మించదు. ఆ పిల్లనే ఒకచోట ఉంచి మరో మూడు నాలుగు నెలలు మంచి మేతా దాణా పెడితే పాతిక కిలోలకు అటూ ఇటూగా తూగుతుంది. తల్లిని ఏడాది పొడుగునా మేపి, చూలు నిలిపి, ఈనించి, ఎండకూ వానకూ తోడేలుకూ కాపు కాసి పిల్లను నిలబెట్టిన శ్రమ కాపరిది. పెట్టిన ప్రతి రూపాయీ వేగంగా తిరిగొచ్చే చివరి వంద రోజులు మాత్రం మరొకరి దొడ్డిలో గడుస్తాయి. ఆ వంద రోజులు కాపరి చేతిలో ఎందుకు మిగలడం లేదో, మిగలాలంటే మేపులో ఏవేవి మారాలో వివరంగా చూడవలసిన అవసరం ఉంది.

2019 పశుగణన ప్రకారం దేశంలో 7.43 కోట్ల గొర్రెలు ఉండగా, వాటిలో తెలంగాణలో 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు ఉన్నాయి. అంటే దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం తెలుగు నేల మీదే మేస్తున్నాయి. ఇంత మంద ఉన్నచోట ప్రభుత్వాల చూపు ఎక్కువగా తలల సంఖ్య మీదే నిలిచింది. తెలంగాణలో 2017 జూన్‌లో మొదలైన పథకం 20 గొర్రెలు, ఒక విత్తనపు పొట్టేలును ఒక యూనిట్‌గా లెక్కగట్టి 75 శాతం రాయితీ మీద పంచింది. జాతీయ పశుసంపద మిషన్‌ను 2021లో సవరించినప్పుడు 500 గొర్రెలు, 25 పొట్టేళ్ల ఫారానికి గరిష్ఠంగా 50 లక్షల రూపాయల దాకా రాయితీ ఇస్తామన్నారు. ఈ రెండూ మందను పెంచే పథకాలే. ఉన్న మందలో పుట్టిన పిల్ల ఎంత బరువుతో, ఏ నెలలో, ఎవరి చేతి మీదుగా అమ్ముడుపోతోందన్న ప్రశ్నకు వీటిలో తగినంత చోటు దొరకలేదు. అరవై డెబ్భై జీవాలతో బీళ్ల వెంట తిరిగే కుటుంబానికి ఆ ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యమైనది.

అనంతపురం ప్రాంతంలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అన్నిటికన్నా ఎక్కువ వాన పడేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. గుట్టల మీద, పోరంబోకుల్లో, బీళ్లలో గడ్డి తొలకరితో మొలిచి, కార్తీకం నాటికి కంకి వేసి, సంక్రాంతి దాటేసరికి ఎండి గడ్డిపోచగా మిగులుతుంది. పచ్చగడ్డిగా ఉన్నప్పుడు మాంసకృత్తులు తగినంత ఉన్న మేతే ఎండేసరికి నాలుగైదు శాతానికి పడిపోతుంది. ఈ పడిపోవడం వల్ల జరిగే నష్టం పైకి కనిపించదు. గొర్రె పెద్ద పొట్టలో పీచును అరిగించేవి సూక్ష్మజీవులు; మేతలో మాంసకృత్తులు ఏడు శాతం కన్నా తగ్గితే ఆ సూక్ష్మజీవులకే ఆకలి మొదలవుతుంది. అవి పలచబడగానే తిన్న గడ్డి అరగడానికి ఎక్కువ సమయం పడుతుంది, పొట్ట ఖాళీ కాదు, ఖాళీ కాని పొట్టతో జీవం ఇంకా తక్కువ తింటుంది. చుట్టూ ఎండుగడ్డి కనిపిస్తున్నా మంద బక్కచిక్కిపోవడానికి కారణం ఇది. దీనికి తోడు మేత వెతుక్కుంటూ రోజూ మైళ్ల కొద్దీ నడిచే జీవం, తిన్న కొద్దిపాటి శక్తిలో పెద్ద వాటాను కాళ్లలోనే ఖర్చు చేస్తుంది.

ఈ మేత పంచాంగాన్ని మంద ఈనే పంచాంగంతో కలిపి చదివితే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. వానలు పడి పచ్చిక తిన్న గొర్రెలు జులై, ఆగస్టుల్లో ఎదకు వస్తాయి. చూలు కాలం దాదాపు 150 రోజులు కాబట్టి ఎక్కువ పిల్లలు డిసెంబరు, జనవరి నెలల్లో పుడతాయి. వేరుశనగ పీకిన చేలు, కంది కోసిన చేలు ఫిబ్రవరి దాకా కాస్త ఆదుకుంటాయి. ఆ తరువాత తల్లికి పాలు రావలసిన రోజుల్లోనే బీడు ఎండిపోతుంది. పిల్ల పాలు మానే వయసుకు, అంటే మార్చి, ఏప్రిల్‌కు, బయట మేసేందుకు ఏమీ ఉండదు. కాపరి చేతిలో డబ్బూ ఉండదు. బేరగాడు సరిగ్గా అప్పుడే వస్తాడు. పిల్లను మూడో నెలలోనే అమ్ముకోవడాన్ని కాపరి తెలివితక్కువతనంగా చూసేవారు ఉన్నారు. నిజానికి మేత లేని ఎండాకాలంలో పిల్ల తన దగ్గరే చనిపోతే మొత్తం పోతుందన్న లెక్కతో ఆయన తీసుకునే నిర్ణయం అది. మేత పరిస్థితి మారనంత కాలం ఆ నిర్ణయంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

కాబట్టి పిల్లను బలిపించడం పిల్ల దగ్గర కాక తల్లి దగ్గర మొదలు కావాలి. ఈ విషయానికి శిక్షణ తరగతుల్లో దక్కవలసినంత చోటు దక్కడం లేదు. కడుపులోని పిల్ల బరువులో సుమారు మూడింట రెండు వంతులు చివరి ఆరు వారాల్లోనే పెరుగుతుంది. ఆ ఆరు వారాలు నవంబరు, డిసెంబరు నెలల్లో వస్తాయి. అప్పుడు చూలు గొర్రెకు రోజుకు 200 నుంచి 250 గ్రాముల దాణా పెడితే పుట్టే పిల్ల గట్టిగా ఉంటుంది, పొదుగు నిండుతుంది, తొలి గంటల్లో తాగవలసిన జున్నుపాలు సరిపోతాయి. రెండున్నర కిలోలు కూడా లేకుండా పుట్టి, పాలు చాలక మూడు నెలలకు తొమ్మిది కిలోల దగ్గర ఆగిపోయిన పిల్లకు తరువాత ఎంత దాణా పెట్టినా, పుట్టుకతో బలంగా ఉన్న పిల్లను అందుకోవడం కష్టం. పాలు మానిన తరువాత కొన్నాళ్లు మేత తగ్గి చిక్కిన పిల్ల మాత్రం మంచి మేత దొరకగానే వేగంగా కోలుకుంటుంది. ఈ తేడా తెలిస్తే ఉన్న కొద్ది దాణాను ఎక్కడ ముందు పెట్టాలో తేలికగా తెలుస్తుంది: మొదట చూలు గొర్రెకు, తరువాత పాలిచ్చే తల్లికి, ఆ తరువాత అమ్మకానికి విడదీసిన పొట్టేలు పిల్లలకు. మంద మొత్తానికి తలా పిడికెడు పంచితే ఏ ఒక్కదానికీ ఉపయోగపడదు.

పిల్లకు మూడో వారం దాటాక తల్లి దూరలేని చిన్న తడకల దొడ్డిలో లేత వేరుశనగ కట్టె (కాయలు రాల్చిన ఎండు మొక్క), కాస్త మొక్కజొన్న రవ్వ అందుబాటులో ఉంచితే ముందు మూతి ఆడిస్తూ, తరువాత అలవాటుగా తినడం నేర్చుకుంటుంది. ఆరేడు వారాలకు దాని పెద్ద పొట్ట పని మొదలుపెడుతుంది. కాపరి కుటుంబాల్లో పగలు మంద బయటికి పోయినప్పుడు పసి పిల్లలను గంప కింద మూసి, రొప్పంలోనే (మంద దొడ్డిలోనే) ఉంచి చూసుకునేది చాలాచోట్ల ఆడవాళ్లే. బలిపించే పని ఇంటి పట్టునే సాగేది కనుక అది దాదాపుగా వాళ్ల చేతుల మీదుగానే జరుగుతుంది. అయినా శిక్షణకు పిలుపు మాత్రం మందతో పోయే మగవాళ్లకే వెళుతోంది. దాణా పాళ్లు, టీకా తేదీలు తెలియవలసిన మనిషికి అవి చేరకపోతే చెప్పిన మాట చెప్పినచోటే ఆగిపోతుంది.

మూడు నెలల వయసులో బలిపించేందుకు పిల్లలను విడదీసేటప్పుడు ఎంపిక ముఖ్యం. నెల్లూరు జాతి పొట్టేలు పిల్లలు కాళ్లు పొడుగ్గా, ఒళ్లు సన్నగా కనిపించినా పెరిగే గుణం ఉన్నవి. ఈ జాతి మన దేశపు గొర్రెల్లో పొడవైనది. వీపు వెడల్పు, ఛాతీ లోతు, కళ్లలో చురుకు, తడిలేని తోక కింది భాగం చూసి తీసుకోవాలి. విత్తులు కొట్టని పొట్టేలు పిల్ల కొట్టినదానికన్నా వేగంగా పెరుగుతుంది, కొవ్వు తక్కువ పట్టి మాంసం ఎక్కువ ఇస్తుంది; ఆరేడు నెలల లోపే అమ్మబోయేదానికి విత్తులు కొట్టవలసిన అవసరం లేదు.

ఇక మేత సంగతి. బలిపించే పిల్ల తన బరువులో మూడున్నర, నాలుగు శాతం ఎండు పదార్థం తింటుంది. అందులో సగానికి మించి గడ్డీ ఆకూ రూపంలో ఉండాలి. రాయలసీమలో ఇందుకు వేరుశనగ కట్టెను మించిన మేత లేదు. వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతం ఉంటే, ఆకు రాలకుండా ఎండబెట్టిన వేరుశనగ కట్టెలో ఎనిమిది నుంచి పది శాతం ఉంటాయి, జీవాలు ఇష్టంగా తింటాయి. రోజుకు అరకిలో చొప్పున వంద రోజులకు పిల్లకు 50 కిలోలు, ఇరవై పిల్లలకు ఒక టన్ను చాలు. పంట ఓ మోస్తరుగా పండిన ఏడాది రెండు మూడు ఎకరాల మెట్ట వేరుశనగ నుంచి ఆ మేత వస్తుంది. కానీ వేరుశనగ సాగు తగ్గి చీనీ (బత్తాయి), మామిడి తోటలు పెరుగుతున్న పల్లెల్లో కట్టె దొరకడం గగనమవుతోంది, ఎండాకాలం వచ్చేసరికి దాని ధర కాపరి అందుకోలేని స్థాయికి పోతుంది. కనుక నవంబరు, డిసెంబరులో, నూర్పిళ్లు జరుగుతున్నప్పుడే, చవకగా ఉన్నప్పుడే కొని, వాన తగలని కప్పు కింద వామి వేసుకోవడం ఈ మేపు మొత్తానికి పునాది. పొలాల్లో మంద తోలి ఎరువు పెట్టినందుకు రైతు ఇచ్చే డబ్బుకు బదులు కట్టె అడిగి తీసుకోవడం కూడా ఒక దారి. అది కాపరులకు కొత్త పద్ధతి కాదు. పూర్వం ధాన్యంగా తీసుకున్నదే ఇప్పుడు మేతగా తీసుకోవడం అవుతుంది.

కట్టె చాలనిచోట కందిపొట్టు, జొన్నచొప్ప నలిపి పెట్టవచ్చు. అవిశె, సుబాబుల్, దిరిసెన ఆకు మేతలో మూడో వంతు దాకా కలిపితే దాణా ఖర్చు తగ్గుతుంది. సుబాబుల్ ఆకులో మైమోసిన్ అనే విష పదార్థం ఉంటుంది, అదొక్కటే మేపితే వెంట్రుకలు రాలి జీవం చిక్కుతుంది. కనుక ఆ హద్దు దాటకూడదు. కరువు తుమ్మ (సర్కారు తుమ్మ) గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఊళ్ల చుట్టూ, చెరువుల కట్టల మీద అల్లుకుపోయిన ఈ చెట్టు నేలకు చేసిన చెరుపు చాలానే ఉంది. కానీ ఏప్రిల్, మే నెలల్లో రాలే దాని కాయ తియ్యగా, శక్తి ఎక్కువగా ఉంటుంది. కాయను ఎండబెట్టి పిండి చేసి దాణాలో నాలుగో వంతు వరకు వాడవచ్చు. పిండి చేయడం వల్ల మరో లాభమూ ఉంది: గింజ నలిగిపోవడంతో పెంటికల ద్వారా కొత్తచోట మొలకెత్తే అవకాశం ఉండదు. కాయను నేరుగా మేపితే మాత్రం ప్రతి మంద ఆ మొక్కను ఊరూరా నాటుకుంటూ పోయినట్టే అవుతుంది.

దాణాకు బజారులో కొన్న సంచే కావాలని లేదు. మొక్కజొన్న రవ్వ 44 కిలోలు, తవుడు 34, వేరుశనగ చెక్క 18, ఖనిజ లవణ మిశ్రమం 2, సున్నపురాయి పొడి 1, ఉప్పు 1 కలిపితే వంద కిలోల దాణా అవుతుంది, అందులో మాంసకృత్తులు సుమారు 16 శాతం ఉంటాయి. చెక్క బూజు పట్టినదైతే ఎంత చవకైనా వాడకూడదు. అందులోని బూజు విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. సున్నపురాయి పొడి చిన్న విషయంగా కనిపించినా కావాలనే చేర్చినది: తవుడులో భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ, ఆ తేడా సరిచేయకపోతే మగపిల్లల మూత్రనాళంలో రాళ్లు ఏర్పడి మూత్రం బిగదీసి చనిపోతాయి. నీళ్లు తక్కువ తాగే జీవాల్లో ఈ ప్రమాదం ఎక్కువ. ఎండాకాలం పిల్లకు రోజంతా నీడలో శుభ్రమైన నీళ్లు అందుబాటులో ఉండాలని చెప్పడం వెనుక దాహం ఒక్కటే కారణం కాదు.

దాణా వల్ల లాభం ఎంతో, తొందరపాటు వల్ల నష్టం అంత. గడ్డికి అలవాటుపడిన పొట్టలో ఒక్కసారిగా మొక్కజొన్న పడితే అది పులిసి ఆమ్లంగా మారుతుంది, పొట్ట ఉబ్బి, పారి, ఒకటి రెండు రోజుల్లో పిల్ల పడిపోతుంది. అందుకే తొలిరోజు 50 గ్రాములతో మొదలుపెట్టి, పది పన్నెండు రోజుల్లో 200 గ్రాములకు, పిల్ల పెరిగేకొద్దీ 300 గ్రాములకు తీసుకుపోవాలి. రోజు దాణాను రెండు పూటలకు పంచాలి. ముందు గడ్డి వేసి తరువాతే దాణా పెట్టాలి. దాణా పెంచిన రోజుల్లోనూ, తొలకరి లేత గడ్డి మీద పడినప్పుడూ వచ్చే మరో గండం చిటుక రోగం. పేగుల్లో మామూలుగానే ఉండే ఒక సూక్ష్మజీవి పిండి పదార్థం ఎక్కువగా చేరగానే విపరీతంగా పెరిగి విషాన్ని వదులుతుంది. మందలో అన్నిటికన్నా బాగా తినే, బాగా పెరిగే పిల్లే రాత్రికి రాత్రి చనిపోయి కనిపించడం దీని తీరు. వైద్యానికి సమయం చిక్కదు కనుక టీకా ఒక్కటే దారి. మొదటిసారి వేసే పిల్లలకు రెండు మూడు వారాల తేడాతో రెండు మోతాదులు పడాలి, రెండో మోతాదు పడ్డాకే దాణా పెంచాలి.

ఖర్చూ రాబడీ ఎలా ఉంటాయో ఒక ఉదాహరణతో చూడవచ్చు. 12 కిలోల పిల్ల బీడు మీదనే ఉంటే రోజుకు 50 గ్రాముల చొప్పున వంద రోజుల్లో 5 కిలోలు పెరుగుతుందని, సగటున రోజుకు 200 గ్రాముల దాణాతో 110 గ్రాముల చొప్పున 11 కిలోలు పెరుగుతుందని అనుకుందాం. అదనంగా వచ్చింది 6 కిలోలు. ప్రాణంతో ఉన్న జీవం కిలో 350 రూపాయలనుకుంటే అది 2,100 రూపాయలు. 20 కిలోల దాణాకు కిలో 30 రూపాయల చొప్పున 600 పోగా 1,500 మిగులుతుంది. పది పిల్లలకు 15,000. ఇప్పుడు ఆ పదిలో ఒక్కటి, 23 కిలోల దగ్గర, అమ్మే ముందు చనిపోయిందనుకుంటే పోయేది 8,050 రూపాయలు, అంటే మిగిలిన లాభంలో సగానికి పైగా. ధరలు ఊరిని బట్టి, నెలను బట్టి మారుతాయి కానీ ఈ నిష్పత్తి పెద్దగా మారదు. దాణా పాళ్లలో చిన్న పొరపాటు కన్నా ఒక్క చావు ఎక్కువ ఖరీదు. చిటుక టీకాతో పాటు ఒకసారి వేస్తే మూడేళ్లు కాపాడే పీపీఆర్ (గొర్రెలు, మేకలకు వచ్చే ప్లేగు లాంటి వైరస్ రోగం) టీకాను కూడా ఖర్చు పద్దులో కాకుండా పెట్టుబడి పద్దులో రాసుకోవలసింది ఇందుకే. నట్టల మందు విషయంలో మాత్రం తరచుగా వేయడమే మేలనుకోవడం పొరపాటు. బరువు చూడకుండా అందాజుగా, తక్కువ మోతాదులో, ఒకే మందును ఏళ్ల తరబడి తాగిస్తే నట్టలే ఆ మందుకు తట్టుకోవడం నేర్చుకుంటాయి. కింది రెప్ప తిప్పి చూసి, లోపలి ఎరుపు పాలిపోయినవాటికి మందు తాగించడం, పేడ పరీక్షకు నమూనా పంపడం, మేపు మొదలుపెట్టే రోజున విడదీసిన పిల్లలన్నిటికీ బరువును బట్టి ఒకసారి ఇవ్వడం మేలైన పద్ధతి.

ఇంత చేసి పెంచిన బరువు సంతలో కంటి చూపుతో బేరమాడితే చేతికి రాదు. పెబ్బేరు సంతకు గానీ హైదరాబాద్‌లోని జియాగూడ మార్కెట్‌కు గానీ తరచూ వచ్చే వ్యాపారి కన్ను కాపరి కన్ను కన్నా కచ్చితంగా బరువు అంచనా వేస్తుంది. ఆ తేడా ప్రతిసారీ వ్యాపారి వైపే తూగుతుంది. ఊళ్లో నలుగురు కాపరులు కలిసి ఒక వేలాడే కాటా కొనుక్కుని, పదిహేను రోజులకోసారి తూచి రాసుకుంటే రెండు పనులు జరుగుతాయి. బేరంలో కిలో లెక్క నిలబెట్టవచ్చు. పెరుగుదల ఆగిపోయిన పిల్లను ముందే గుర్తించి అమ్మేయవచ్చు. పాతిక, ముప్పై కిలోలు దాటాక పిల్ల తిన్నది కొవ్వుగా మారడం ఎక్కువై, కిలో పెరగడానికి పట్టే దాణా పెరుగుతూ పోతుంది. అమ్మకం తేదీ ముందే అనుకుని వెనక్కి లెక్కపెట్టుకుంటూ మేపు మొదలుపెట్టాలి. బక్రీద్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ 2025లో జూన్ 7న వచ్చింది. ఆ ఏడాది మార్చి మొదట్లో విడదీసిన పిల్లలు వంద రోజుల్లో అందుకున్న పండుగ అది. ఆ తరువాత ఏటా అది ఇంకా ముందుకు జరిగి వాటిని దాటిపోతుంది. అప్పుడు ఆషాఢం బోనాలు, దసరా మీద లెక్క మార్చుకోవాలి, లేదా గొర్రెలు చూలు కట్టే కాలాన్నే కొన్ని వారాలు ముందుకు జరపాలి.

ఈ వంద రోజులు కాపరిని నిలబెట్టేది చేతిలో ఉండే కొద్దిపాటి డబ్బు. 2018-19 నుంచి కిసాన్ క్రెడిట్ కార్డును పశుపోషణకు కూడా విస్తరించారు. పై లెక్క ప్రకారం పది పిల్లల దాణాకు కావలసింది ఆరు వేలే. ఫారం కట్టడానికి లక్షల రాయితీ ఇచ్చే వ్యవస్థలో, భూమి పత్రం లేని కాపరికి ఆరు వేల అప్పు మూడు నెలలకు సులువుగా పుట్టడం అంతకన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

మందకు మేత, దాణా అందితే బీళ్లకు కూడా మేలే జరగాలి, కానీ దానంతట అదే జరగదు. జోర్డాన్‌లో ప్రభుత్వం దశాబ్దాలపాటు బార్లీని చవకగా ఇచ్చినప్పుడు కరువులో మందలు బతికాయి గానీ, అమ్మవలసిన జీవాలను అమ్మకుండా నిలుపుకోవడంతో మందలు పెరిగి, స్టెప్పీ (వాన తక్కువగా పడే గడ్డి మైదానాల) బీళ్లు మరింత క్షీణించాయి. అక్కడి మేపు కూడా మన మెట్టలాగే వాన మీద ఆధారపడేదే కనుక ఆ అనుభవం ఇక్కడ గుర్తుంచుకోదగినది. దాణా పెట్టేది తొందరగా అమ్మి మందను తేలిక చేసుకోవడానికి. పొట్టేలు పిల్లలతో పాటు పళ్లు అరిగిన గొర్రెలను, రెండేళ్లుగా చూలు నిలవని వాటిని నవంబరులో, ఒళ్లు నిండుగా ఉన్నప్పుడే అమ్మేస్తే ఎండాకాలం మేత చూలు గొర్రెలకు, పాలిచ్చే తల్లులకు మిగులుతుంది.

బీళ్లు అసలే తగ్గిపోతున్నాయి. కొన్ని అసైన్డ్ భూములుగా పంచినవి, కొన్ని కంచె వేసిన తోటలు, నంబులపూలకుంట వంటిచోట్ల కొన్ని సౌర విద్యుత్ పార్కుల కింద పోయినవి. మిగిలిన పోరంబోకులో ఏటా ఒక ముక్కను ఊరందరి ఒప్పందంతో తొలకరి నుంచి దీపావళి దాకా మేపకుండా వదిలితే, అందులో అంజన్ గడ్డి, స్టైలో (పప్పుజాతి మేత మొక్క) విత్తనం చల్లితే, కంకి వేసి గింజ రాలేందుకు సమయం దొరుకుతుంది. ఆ గడ్డిలో కొంత భాగాన్ని పూత దశలో కోసి వామి వేసుకుంటే మార్చిలో విడదీసిన పిల్లలకు వేరుశనగ కట్టెతో పాటు అదీ అందుతుంది, మరుసటి తొలకరికి ఆ ముక్క మళ్లీ మేతకు తెరుచుకుంటుంది.